పొద్దుపొద్దునా ఒక మొక్కు

మనశ్శాంతి కోసం రోజువారీ బతుకును వదిలి వెళ్లాలా, ఆ బతుకులోనే దాన్ని వెతుక్కోవాలా? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సీమ పనులూ పండుగలూ ఈ ప్రశ్నకు తరాలుగా ఒక జవాబు చెబుతున్నాయి.

ప్రశాంతత ఇప్పుడు అంగట్లో దొరికే సరుకైంది. ధ్యాన శిబిరాలున్నాయి, కొండల్లో విడిది ఇళ్లున్నాయి, ఊపిరి ఎలా తీసుకోవాలో చెప్పే ఫోన్ యాప్‌లున్నాయి. వాటి మేలును కాదనలేం. అయితే వాటన్నిటి వెనుకా ఒకే నమ్మిక ఉంది: రోజువారీ పని మనసును అరగదీస్తుంది, శాంతి కావాలంటే దానికి దూరంగా వెళ్లాలి. ఇదే నిజమైతే లోకంలో ఎక్కువమందికి శాంతిలో వాటా లేనట్టే. కోరుట్లలో బీడీలు చుట్టే ఆడబిడ్డకు వెయ్యి బీడీల లెక్కన కూలి. చెయ్యి ఆగితే కూలి ఆగుతుంది. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే కార్మికుడికి గుడ్డ దిగితేనే పైసలు. జగిత్యాల పల్లెలో నాటు వేసే కూలికి అదను దాటితే పని ఉండదు. వీళ్లెవరూ పది రోజులు పని మానుకొని మనసును చక్కబెట్టుకోలేరు. అయినా ఈ సీమలో భక్తికీ కృతజ్ఞతకూ కరువు లేదు. అది ఎక్కడి నుంచి పుడుతోంది? పని మధ్య నుంచే పుడుతోందన్నది ఈ కథనం వాదన. శాంతి, కృతజ్ఞత, నమ్మకం ముందు చేతికి అలవాటవుతాయి, ఆ తర్వాతే మనసుకు పడతాయి. కాబట్టి చేతికి పని, ఆ పనికి గౌరవం నిలిపి ఉంచడం కూడా శాంతి సాధనలో భాగమే.

పనిలోంచి వచ్చిన కానుకలు

ఇక్కడి మొక్కులను ఒక్కసారి వరసగా చూడండి. వేములవాడ రాజన్నకు పేరుపడ్డ మొక్కు కోడె మొక్కు. భక్తులు కోడెను పట్టుకొని గుడి చుట్టూ తిప్పి, కట్టేసి, దండం పెట్టుకుంటారు. దుక్కి దున్నే జాతి జీవాన్నే దేవుడి ముందుకు తీసుకుపోవడం ఎవుసం చేసే జనం ఊహకే అందే మాట. పోచమ్మకు పెట్టే బోనం రోజూ పొయ్యి మీద ఉడికే అన్నమే. కొత్త కుండలో వండి, పసుపు కుంకుమలు పెట్టి, దీపం వెలిగించి నెత్తిన పెట్టుకోగానే అది నైవేద్యం అవుతుంది. బతుకమ్మలో పేర్చే తంగేడు, గునుగు పూలు తోటల్లో పెంచినవి కావు, గట్ల మీద, బీడు చెలకల్లో వాటంతటవే పూసినవి. వానలు కురిసి చెరువులు నిండిన కాలంలో, పెత్రమాస నాటి ఎంగిలిపూలతో మొదలుపెట్టి, ఊరి ఆడవాళ్లంతా ఆ పూలను పేర్చి, ఆడి, మళ్లీ చెరువుకే అప్పగిస్తారు. చాలా ఊళ్లలో తొమ్మిదో నాడు సద్దుల బతుకమ్మ జరిగితే వేములవాడలో ఏడో నాడే జరుపుకుంటారు. దసరా నాడు పనిముట్లను కడిగి, బొట్టు పెట్టి పూజిస్తారు. సాయంత్రం జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతుల్లో పెట్టి కాళ్లు మొక్కుతారు.

వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. మొక్కు తీర్చుకోవడానికి రోజువారీ బతుకులో లేని వస్తువేదీ అక్కర్లేదు. కోడె, అన్నం, గట్టు మీది పువ్వు, పని చేసే పరికరం, చెట్టు ఆకు చాలు. ఏడాది పొడవునా కంటి ముందు ఉండి కూడా కంటికి ఆనని వాటిని ఒక రోజు చేతుల్లోకి తీసుకొని, ఇది లేకపోతే నేను లేను అని ఒప్పుకోవడమే ఈ పండుగల సారం. కృతజ్ఞత అంటే ఇంతకన్నా వేరే నిర్వచనం అవసరం లేదు. పైగా ఇది ఒంటరిగా కూర్చొని చేసేది కాదు. బతుకమ్మ చుట్టూ తిరిగే వలయంలో పక్కమనిషి అడుగుతో అడుగు కలవాలి. సద్దులు పంచుకోవాలంటే ఎదుట మనిషి ఉండాలి.

ఏడాదికోసారి వచ్చే పండుగ చేసే ఈ పనిని రోజూ చేసేది దినచర్య. తెల్లారక ముందే వాకిలి ఊడ్చి, సాన్పి చల్లి, ముగ్గు పెట్టడం, పొద్దుగూకినంక దీపం ముట్టించడం. పొద్దుకు మొదలేదో చివరేదో ఈ రెండు పనులు గీత గీసి చెబుతాయి. ఇంటికొచ్చే ఇబ్బందులు వాటి వల్ల పోవు. కానీ ఇబ్బంది వచ్చిన రోజున కూడా చేతికి ఏం చేయాలో తెలుస్తుంది. ఏం చేయాలో తోచని స్థితే మనిషిని ఎక్కువగా కుంగదీస్తుంది. ఆ స్థితిలో అలవాటైన పని మనిషిని నిలబెడుతుంది. ఇంట్లో చావు జరిగినా మూడో నాడో, ఐదో నాడో, పదకొండో నాడో చేయాల్సిన పని ఒకటి పెద్దలు ముందే ఏర్పరచి ఉంచారంటే, దుఃఖంలో ఉన్నవాళ్లను ఖాళీగా వదలకూడదని వాళ్లకు తెలుసు కనుకనే.

ఈ మాటకు పరిశోధనల ఊతం కూడా ఉంది. రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లా అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన అధ్యయనంలో కొందరిని వారానికోసారి తాము కృతజ్ఞత చెప్పాల్సిన విషయాలు రాయమన్నారు, మరికొందరిని చికాకులు రాయమన్నారు. పది వారాల తర్వాత మొదటి జట్టు తమ జీవితం పట్ల ఎక్కువ తృప్తిని చెప్పింది. ఆ తర్వాత వచ్చిన సమీక్షలు ఈ మేలు ఉన్నమాట నిజమే కానీ అది కొద్దిపాటిదేనని తేల్చాయి. ఆ హెచ్చరికను దాచకూడదు, దాని అర్థాన్ని మాత్రం సరిగా పట్టుకోవాలి. కాగితం మీద జాబితా రాయడం బతుకుకు పైనుంచి తగిలించిన పని. దాని బలం కొద్దిగానే ఉండటంలో వింత లేదు. తరాలుగా నలుగురితో కలిసి, చేతులతో చేస్తూ వచ్చిన ఆచారం బతుకులోనే అల్లుకొని ఉంటుంది. కృతజ్ఞత సాధనకు సంబంధించిన విషయమని, మనసులో భావం పుట్టేదాకా కాచుకొని కూర్చోనక్కర లేదని మాత్రం ఆ అధ్యయనం చూపించింది.

ఒకే పిలుపు, వేర్వేరు కష్టాలు

రోజూ అదే పని చేస్తే మొద్దుబారిపోమా అని అడగవచ్చు. దీనికి ధర్మపురి నుంచి ఒక సాక్ష్యం ఉంది. గోదావరి దక్షిణంగా మళ్లే ఆ క్షేత్రంలో శేషప్ప కవి నరసింహ శతకం రాశాడు. శతకమంటేనే ప్రతి పద్యం చివరా అదే మకుటం. ఒక పద్యంలో భయం, ఒక పద్యంలో కోపం, ఒక పద్యంలో వేడుకోలు, మరో పద్యంలో లోకం పోకడ మీద విసుగు ఉంటాయి. చివరికి వచ్చేసరికి పిలుపు ఒక్కటే. మకుటం మారకపోవడం వల్లే కవి ఏ కష్టాన్నైనా ధైర్యంగా ఎత్తుకోగలిగాడు, ఎటు తిరిగినా చేరాల్సిన చోటు తెలుసు గనుక. దినచర్య మనిషికి చేసే మేలు కూడా ఇదే. పునరావృత్తి మనసును మొద్దుబార్చేది ధ్యాస లేనప్పుడే. ధ్యాస ఉన్నప్పుడు నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య వచ్చిన చిన్న తేడా కూడా కనబడుతుంది.

మరి సాంచాల మాటేమిటి? మరమగ్గాల కార్ఖానాలో గంటల కొద్దీ చెవులు చిల్లులు పడే మోత, పత్తి దుమ్ము, రాత్రి పాళీలు. ఒక కార్మికుడు ఎన్నో సాంచాల మధ్య తిరుగుతూ తెగిన పోగు ముడేయాలి, అయిపోయిన కండె మార్చాలి. బీడీ పని సంగతీ అంతే. తునికాకు తడిపి, కత్తిరించి, పొగాకు నింపి, చుట్టి, దారం కట్టే ఆ పనిలో పొగాకు దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరుతుంది, మెడ, నడుము పట్టేస్తాయి. ఇందులో శాంతిని వెతకమనడం అన్యాయం కాదా? ఈ అభ్యంతరంలో నిజముంది. మనిషి లయ వేరు, యంత్రం లయ వేరు. మనిషి లయలో ఆగడానికి, పక్కవాళ్లతో నాలుగు మాటలు చెప్పుకోవడానికి, పొద్దు ముగిసిందని చెప్పుకోవడానికి చోటుంటుంది. బీడీల చాటలు ఒడిలో పెట్టుకొని నలుగురు ఒకే అరుగు మీద కూర్చోవడంలో ఆ చోటును ఆడవాళ్లు తమంతట తాము సంపాదించుకున్నారు. పనిలో ఉన్న మేలు ఆ చోటుది. పొగాకు దుమ్ముకు, రాత్రి పాళీకి ఎవరూ కృతజ్ఞత చెప్పనక్కర లేదు.

కృతజ్ఞత అణకువ నేర్పుతుందా?

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఇది. ఉన్నదానితో తృప్తి పడమని పేదవాడికి చెప్పడం ఉన్నవాడికి లాభం కదా? వెట్టి చేయించుకున్న దొరలు కూడా తృప్తినే బోధించారు. దీనికి జవాబు ఈ నేల చరిత్రే ఇచ్చింది. 1978లో రైతు కూలీలు జగిత్యాల జైత్రయాత్ర జరిపారు. వెట్టిని, దొరల పెత్తనాన్ని ఎదిరించారు. అదే ఏడాది జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ యాత్రలో నడిచినవాళ్లు బతుకమ్మ ఆడిన ఇళ్లవాళ్లే, రాజన్నకు కోడె కట్టిన ఇళ్లవాళ్లే. భూమి తమకేం ఇస్తున్నదో, తమ చెమట భూమికేం ఇస్తున్నదో తెలిసినవాళ్లే ఆ చెమటకు వెల అడగగలిగారు. కృతజ్ఞత ఎవరికి చెప్పాలన్నదే అసలు ప్రశ్న. నాగలికి, నేలకు, తోటి కూలికి చెప్పే కృతజ్ఞత తలెత్తి నిలబెడుతుంది. పెత్తందారుకు చెప్పించుకునే కృతజ్ఞత మాత్రమే తల వంచుతుంది. ఈ రెంటినీ ఒకే పేరుతో పిలవడం వల్లే తృప్తి అనే మాటకు చెడ్డపేరు వచ్చింది. పన్నెండో శతాబ్దంలో కాయకాన్ని, అంటే చేసే పనిని, పూజ స్థాయికి ఎత్తిన బసవన్న, మగ్గం మీద బతికిన కబీరు కులం కట్లనూ అంతే గట్టిగా ప్రశ్నించారు. పనిలో దైవాన్ని చూసినవాళ్లకు పని చేసే మనిషిని తక్కువగా చూడటం కుదరలేదు.

సిరిసిల్ల నేర్పిన చేదు పాఠం కూడా ఇక్కడే చెప్పాలి. ఒకప్పుడు నూలు ధరలు, అప్పులు, అమ్ముడుపోని గుడ్డ కలిసి ఈ పట్టణంలో నేతన్నల ప్రాణాలు తీశాయి. నేతన్నల ఆత్మహత్యల పేరుతో సిరిసిల్ల దేశమంతా వార్తలకెక్కింది. ఆ ఇళ్లలో నమ్మకం లేక కాదు. మార్కండేయుణ్ణి కొలిచే ఇళ్లవి. పని ఆగిపోయినప్పుడు పొద్దుకు ఆకారం పోయింది, అప్పులవాళ్ల రాకే పొద్దును లెక్కపెట్టే కొలత అయింది. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలయ్యాక నెలల తరబడి సాంచాలు నడిచాయి. ప్రభుత్వ ఆర్డర్లు ఆలస్యమైనప్పుడల్లా మళ్లీ అదే దిగులు కమ్ముతూ వచ్చింది. అందుకే మనశ్శాంతి గురించి ఉపదేశించేవాళ్లు కూలి రేట్ల గురించి, నూలు ధర గురించి కూడా మాట్లాడాలి. దినచర్యకు పునాది దినం గడవడం. అది లేనిచోట ఓదార్పు మాటలు ఖాళీ కండెల్లా తిరుగుతాయి.

నమ్మకం అంటే

దినచర్య బలం ఎంతో తెలుసుకోవాలంటే గల్ఫ్ ఇళ్లను చూడాలి. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల నుంచి దశాబ్దాలుగా మనుషులు ఎడారి దేశాలకు వలస పోతున్నారు. దుబాయి గడియారం మనకన్నా గంటన్నర వెనుక నడుస్తుంది, సౌదీ, కువైట్, ఖతర్ గడియారాలు రెండున్నర గంటలు వెనుక. ఇక్కడ దీపం పెట్టే వేళకు అక్కడ ఇంకా పని నడుస్తుంటుంది. ఆ మనిషి క్యాంపు గదికి చేరి ఫోన్ చేసే గడియను బట్టి ఇక్కడ అన్నం వేళ, పిల్లలు పడుకునే వేళ మారతాయి. ఏళ్ల తరబడి ఒక ఇంటిని రెండు దేశాల్లో నిలబెట్టింది రోజూ తప్పని ఆ పలకరింపే. అవతలి మనిషి కూడా తన పొద్దును మనలాగే మోస్తున్నాడని నమ్మడం కన్నా పెద్ద విశ్వాసం ఏముంది? ఆ వలసకు కారణమైన కరువునూ, మోసం చేసే ఏజెంట్లనూ మరచిపోయి ఈ ఓపికను పొగడటం మాత్రం తగదు.

దేవుణ్ణి నమ్మనివాళ్లకు ఇందులో ఏముందని అడిగితే, ఉందనే చెప్పాలి. జగిత్యాల పక్కనే పొలాసలోని వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన జగిత్యాల సన్నాలు వరి రకం ఉల్లికోడు పురుగును తట్టుకొని ఎందరో రైతులను ఆదుకుంది. ఒక వంగడం బయటికి రావాలంటే పంట తర్వాత పంట అవే మళ్లలో విత్తి, ఏరి, కొలిచి, మళ్లీ విత్తాలి. ఫలితం ముందుగా తెలియని పనిని శ్రద్ధగా చేయడమే నమ్మకం అనుకుంటే, ఆ శాస్త్రవేత్తదీ, ఆ విత్తనం చల్లిన రైతుదీ, వానకు మొక్కిన ముసలమ్మదీ ఒకే నమ్మకం. ఈ సీమలో అది గోడలు కట్టుకోలేదు కూడా. వేములవాడ రాజన్న దర్శనానికి వచ్చి, ఆలయ ప్రాంగణంలోని దర్గా దగ్గరా మొక్కులు చెల్లించుకునే అలవాటు తరాలుగా సాగింది. రోజూ ఒకే బజారులో, ఒకే కార్ఖానాలో కలిసి పనిచేసేవాళ్లకు ఒకరి మొక్కు ఇంకొకరికి పరాయిదనిపించలేదు.

కాబట్టి ఎవరి పొద్దులో వాళ్లు వెతుక్కోవాల్సింది పెద్దదేం కాదు. రోజుకు మొదలు ఒకటి, చివర ఒకటి ఉండేలా చూసుకోవడం. వాటిని ఫోన్ తెరకు అప్పగించకుండా చేతి పనితో నింపడం. తినే అన్నం, కట్టే గుడ్డ ఎన్ని చేతులు దాటి వచ్చాయో రోజుకోసారి తలుచుకోవడం. తలుచుకున్నాక అక్కడితో ఆగకపోవడం. నేసిన చేతికి, నాటిన చేతికి, చుట్టిన చేతికి దక్కాల్సింది దక్కుతోందా అని అడగడం, దక్కనప్పుడు వాళ్ల పక్కన నిలబడటం. మనసులో ఉంచుకున్న కృతజ్ఞత మనకు మాత్రమే మేలు చేస్తుంది. కూలిలో, ధరలో, గౌరవంలో చెల్లించినప్పుడే అది అవతలివాళ్లకు చేరుతుంది, మొక్కు తీరినట్టవుతుంది. అలా తీర్చుకున్న మనిషికి రాత్రి పడుకునేటప్పుడు దొరికే నెమ్మదికి మరే శిబిరమూ అక్కర్లేదు.