కుక్క గొంతులో ఎముక: ఎక్స్‌రే ఏమి చూపును?

పెంపుడు కుక్క నోరు మూయలేక చొంగ కార్చుచుండును. కూడు ముట్టదు, ముంగాళ్లతో మూతి గీరుకొనును. గొంతులో ఎముక పడినదని అందరు అనుకొందురు. ఇంటిలో ధైర్యస్థుడొకడు దాని నోటిలో చేయిపెట్టి వెదకును. రైతు సోదరులు ఈ పని ఎన్నడును చేయరాదు.

అది ఎముకే కావచ్చును. కాని పిచ్చికుక్క వ్యాధిలో మూగరకము ఒకటి కలదు. అందులో దవడ జారిపోయి, మింగుడుపడక కుక్క సరిగా ఇట్లే కనబడును. మొరగదు, మీదికి రాదు కనుక ఎవరికిని అనుమానము కలుగదు. దాని చొంగలోనే వ్యాధి క్రిములుండును.

ఎముక సంగతి తేల్చుటకు ఎక్స్‌రే మంచి సాధనము. 1895లో జర్మనీలో రాంట్‌జన్ కనిపెట్టిన ఈ కిరణములు గాలిగుండ, మాంసముగుండ పోగలవు. ఎముక, లోహము వానిని అడ్డగించును. అందుచే చిత్రములో గాలి నల్లగాను, మాంసము బూడిదవన్నెగాను, ఎముక తెల్లగాను పడును. ఒక్క చిత్రము మోసగించవచ్చును గనుక ప్రక్కకు పరుండబెట్టి ఒకటి, వెల్లకిల పరుండబెట్టి మరియొకటి తీయుదురు. మింగిన ఎముక తరచుగా మూడు చోట్ల ఆగును: ఆహారనాళము రొమ్ములో ప్రవేశించుచోట, గుండెమీదుగా పోవుచోట, పొట్టను చేరుటకు కొంచెము ముందు. ఈ మూడింటికిని మన చేయి అందనే అందదు!

పిల్లులు దారముతో ఆడుచు సూదిని మింగుట కలదు. చిత్రములో సూది స్పష్టముగా కనబడును, దారము కనబడదు. నోటనుండి దారము వ్రేలాడుచున్నదని లాగినచో లోపల పేగులు కోసికొనిపోవచ్చును. గుడ్డ, కొయ్య కూడ సరిగా కనబడవు. అవసరమైనచో వైద్యులు బేరియము త్రాగించి చూతురు.

పిచ్చికుక్క వ్యాధి మాత్రము ఏ చిత్రములోను కనబడదు; అది మెదడుకు పట్టిన జబ్బు. కనుక ఎక్స్‌రేకు ముందే వైద్యుడు కొన్ని ప్రశ్నలడుగును. టీకా వేయించితిరా? ఇటీవలి నెలలలో మరొక కుక్క కరచినదా? నడత మారినదా? దాచక చెప్పవలెను. అనుమానమున్న కుక్కను చంకనెత్తుకొని పట్టణమునకు బయలుదేరరాదు. దగ్గరకు పోకుండ గదిలో మూసి పశువైద్యునికి కబురంపవలెను. చొంగ గాయమునకు గాని గీతలకు గాని తగిలినచో, సబ్బుతోను ధారగా పడు నీటితోను 15 నిమిషములు కడిగి, ఆ రోజే టీకాకు ఆసుపత్రికి పోవలెను. కంటికి తగిలినచో మంచినీటితో బాగుగా కడిగి పోవలెను. కుక్క ఏమగునో చూతమని ఆగుట ప్రాణముమీదికి తెచ్చును.

చిన్న పశువైద్యశాలలన్నింట ఎక్స్‌రే యంత్రముండదు. తిరుపతి, రాజేంద్రనగరం, గన్నవరములందు పశువైద్య కళాశాలలు కలవు. ఎచ్చటికి పోవలెనో ముందు మీ పశువైద్యునే అడుగుడు. చిత్రము తీయునపుడు కుక్కను పట్టుకొనవలసివచ్చినచో సీసపు తొడుగు అడిగి ధరింపుడు. గర్భిణులు, పిల్లలు ఆ గదిలో ఉండరాదు.