ఆరాధనలో అణకువ

జనపనార మిల్లుతో పేరొందిన నెల్లిమర్లవంటి ఊళ్ళలో ఆదివారపు ఆరాధనకు నూలుచీర కట్టినవారును, పట్టుచీర కట్టినవారును ఒక్కచోటనే కూర్చుందురు. వస్త్రధారణలో అణకువ యనగానే మనము స్త్రీల చీరచెంగునే తలంతుము. 1917 నాటి కతోలిక శాసనసంహిత స్త్రీలు ఆరాధనలో తల కప్పుకొనవలెనని విధించెను; 1983 నాటి సంహితలో ఆ విధి లేదు. అయినను తెలుగు సంఘములలో చెంగు కప్పుకొను ఆచారము నిలిచియే యున్నది.

తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక బంగారమును, ముత్యములను, వెలగల వస్త్రములను వారించుచున్నది. అనగా ఒడలు కప్పుకొనుటయే కాదు, కలిమిని చాటకుండుటయు అణకువయే. బంగారుటుంగరము గల పురుషునకు మంచి పీటవేసి, మాసినబట్టల బీదవానిని నిలువబెట్టుటను యాకోబు పత్రిక మందలించినది. కావున ఈ నియమము పురుషులకును చెందును.

మన పట్టుబట్టలను చూచి ఒక పేదరాలు తన ముతకచీరకు సిగ్గుపడి మరుసటి ఆదివారము రాకున్నచో, అణకువ తప్పినది ఎవరు? మనమే యోచింపవలెను.