పోర్చుగీసు గిన్నెలో పులుసు పోయొచ్చా?

(మస్కట్ తెలుగు శ్రోతల కోసం చేసిన రేడియో ప్రసంగానికి అక్షర రూపం)



ఏసీలు ఆపి కిటికీలు తెరుచుకునే రోజులు వస్తున్నాయి. అరబ్బీలో ఖరీఫ్ అంటే శరదృతువు. మన రైతులు ఖరీఫ్ పంట అనే మాట అక్కణ్ణించి వచ్చిందే. సలాలాలో మాత్రం జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడే జల్లుల కాలాన్ని ఖరీఫ్ అంటారు. మస్కట్ లో మనకి ఆ హాయి తెలిసేది నవంబరులోనే. కార్తీక మాసం, ఇంటికి వచ్చిపోయే చుట్టాలు, స్నేహితులు, వాళ్ళ కోసం కొత్త గిన్నెలు, దుప్పట్లు. ఈ మధ్య ఈ కొనుగోళ్ళలో "మేడిన్ పోర్చుగల్" అన్న ముద్ర తరచుగా కనిపిస్తోంది. ఆ సామాను గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

పోర్చుగీసు వాళ్ళు ఈ ఊరికి కొత్తవాళ్ళేం కాదు. 1507లో మస్కట్ ని పట్టుకుని, 1650లో ఇమామ్ సుల్తాన్ బిన్ సైఫ్ తరిమేదాకా ఇక్కడే ఉన్నారు. పాత మస్కట్ రేవు దగ్గర జలాలీ, మిరానీ కోటల్ని చూస్తూనే ఉంటాం కదా. మన ఇళ్ళలోకీ వాళ్ళ మాటలు ఎప్పుడో వచ్చేశాయి. అల్మారా, తువ్వాలు, బొత్తాం, ఇస్త్రీ, అన్నీ పోర్చుగీసు నుంచి వచ్చినవే.

ఇక అసలు సంగతి. పోర్చుగల్ పింగాణీకి మంచి పేరుంది. అవేరో పట్టణం దగ్గర ఇల్యావులో 1824లో మొదలైన విస్తా అలెగ్రె కంపెనీ పోర్సెలీన్ చేస్తోంది. కాల్దాస్ ద రైన్యాలో రఫాయెల్ బోర్దాలు పిన్యేరు 1884లో పెట్టిన కార్ఖానా నుంచి క్యాబేజీ ఆకుల ఆకారంలో గిన్నెలు వస్తాయి. ఇవిగాక పల్లెల్లో చేత్తో రంగులు దిద్దిన ఎర్రమట్టి పళ్ళేలు. చూడ్డానికి అన్నీ ముచ్చటగానే ఉంటాయి. కానీ వాటిలో మనం పోసేది చింతపండు పులుసు, చారు, నిమ్మకాయ పచ్చడి. చిక్కంతా అక్కడే ఉంది.

మట్టి పాత్ర మీద మెరిసే పూత నిజానికి పల్చటి గాజు పొర. తక్కువ వేడిలోనే కరిగి బాగా మెరవాలని వెనకటి రోజుల్లో ఆ పూతలో సీసం కలిపేవారు. ఎరుపు, పసుపు, నారింజ రంగుల కోసం కాడ్మియం వాడేవారు. పూత సరిగ్గా కాలకపోతే, పుల్లటి పదార్థం తగిలినప్పుడు ఆ సీసం కొద్దికొద్దిగా తిండిలోకి దిగుతుంది. ఎంత పులుపు, ఎంత వేడి, ఎంతసేపు నిలవ అన్నదాన్ని బట్టి దిగే మోతాదు ఉంటుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది. ఇంతవరకు పరవాలేదు అని చెప్పగల మోతాదు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

దీనికి యూరప్ లో 1984లోనే ఒక నిబంధన వచ్చింది. పోర్చుగల్ 1986లో ఆ కూటమిలో చేరింది. పాత్రలో 4 శాతం ఎసిటిక్ ఆమ్లం, అంటే దాదాపు మన వంటింటి వెనిగర్ లాంటిది, పోసి 22 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచుతారు. తర్వాత అందులోకి ఎంత సీసం దిగిందో కొలుస్తారు. లోతైన గిన్నెలకి లీటరుకి 4 మిల్లీగ్రాములు, వంట పాత్రలకి, 3 లీటర్లు దాటిన నిలవ పాత్రలకి 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. ఆవకాయ జాడీలో ఏడాది పొడుగునా ఉంటుంది కాబట్టి ఒక్క రోజు పరీక్ష దానికి పూర్తి భరోసా ఇవ్వదని గుర్తుంచుకోండి.

నా వృత్తి సాఫ్ట్ వేర్. స్పెసిఫికేషన్ చదవకుండా ఏదీ వాడబుద్ధి కాదు. గిన్నెకి స్పెసిఫికేషన్ దాని అడుగునే ఉంటుంది, తిరగేసి చూడండి. గ్లాసు, ఫోర్కు బొమ్మ ఉంటే తిండికి పనికొస్తుందని అర్థం. "అలంకరణకి మాత్రమే" అని ఉంటే గోడకే తగిలించండి. "డిజైన్డ్ ఇన్ పోర్చుగల్" అని ఉంటే తయారైంది వేరే దేశంలో కావచ్చు. 2005లో చేసిన సవరణ ప్రకారం యూరప్ లో అమ్మే పాత్రలకి తయారీదారు లిఖితపూర్వకంగా హామీ ఇవ్వాలి. ఖరీదైన సెట్టు కొంటుంటే ఆ కాగితం ఉందా అని దుకాణంలో అడగడంలో తప్పులేదు.

పులుసుకి పోర్సెలీన్ గానీ, 1200 డిగ్రీలు దాటిన వేడిలో కాలిన స్టోన్ వేర్ గానీ మంచిది. మన ఊరగాయ జాడీ కూడా ఈ స్టోన్ వేర్ జాతిదే. విహారయాత్రలో సంతలో కొన్న రంగుల పళ్ళేల్లో పొడి పదార్థాలు, అదీ కాగితం పరిచి పెట్టుకోండి. పూత మీద సన్నటి బీటలు కనిపించినా, తెల్లటి పొడిలా రాలుతున్నా ఆ పాత్రని వంటింట్లోంచి తీసెయ్యండి. పాత్ర ఏదైనా సరే, మిగిలిన పులుసుని రాత్రికి గాజు సీసాలోకో, స్టీలు గిన్నెలోకో మార్చడం మేలు.

వేడి గిన్నె కింద పెట్టడానికి బెండు పలక బాగుంటుంది. ప్రపంచంలో దొరికే బెండులో దాదాపు సగం పోర్చుగల్ దే. చెట్టుకి పాతికేళ్ళు వచ్చాక మొదటిసారి బెరడు ఒలుస్తారు, ఆపైన తొమ్మిదేళ్ళకొకసారి. చెట్టుని నరకరు. బెరడు నిండా గాలి గదులు కాబట్టి వేడి బల్లకి అంటదు.

దుప్పట్ల విషయంలో మన వాతావరణం గుర్తుపెట్టుకోండి. ఉత్తర పోర్చుగల్ లో గిమరాయిష్ చుట్టుపక్కల నేసే నూగు ఫ్లానెల్ దుప్పట్లు అక్కడి చెమ్మ చలికి తగినవి. జనవరి రాత్రి కూడా మస్కట్ లో మామూలుగా 17, 18 డిగ్రీలే కాబట్టి పల్చటి నూలు దుప్పటి సరిపోతుంది. ఫ్లానెల్ ని జబల్ అఖ్దర్ ప్రయాణానికి దాచుకోండి.

ఈ శుక్ర, శనివారాల్లో వీలు చూసుకుని అల్మారాలోని గిన్నెలన్నీ ఒక్కసారి తిరగేసి చూడండి. పది నిమిషాల పని. పిల్లలు రోజూ తినే పళ్ళెంతోనే మొదలుపెట్టండి. సెలవు.