24 గంటలు ఎప్పటి నుంచి?

హైదరాబాద్‌లోని మలక్‌పేట ఠాణా నుంచి నాంపల్లి క్రిమినల్ కోర్టులకు ఎంత ట్రాఫిక్ ఉన్నా గంటలో చేరొచ్చు. రిమాండ్ పడితే తీసుకెళ్లే చంచల్‌గూడ జైలు ఇంకా దగ్గర. ఆ నిర్బంధం అన్యాయమని తలుపు తట్టాల్సిన హైకోర్టు కూడా మూసీ ఒడ్డునే ఉంది. అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లోగా మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలన్న రాజ్యాంగం 22(2) అధికరణ, ప్రయాణానికి పట్టే సమయాన్ని ఆ లెక్కలోంచి మినహాయించింది. మారుమూల గూడేల సంగతేమో గానీ, మలక్‌పేటలో ఆ మినహాయింపుతో పనే లేదు. అయినా ‘మా పిల్లగాణ్ని తీస్కపోయి మూడు దినాలైంది, యాడ పెట్టిండ్రో ఎర్క లేదు’ అంటూ తల్లులు వకీళ్ల చుట్టూ తిరగాల్సిన పరిస్థితి ఈ నగరంలో ఎందుకొస్తోంది?

గడియారం తాళం పోలీసు చేతిలో ఉంది కనుక. సివిల్ డ్రెస్సులో ఇద్దరొస్తారు. ‘సార్ పిలుస్తుండు, పది నిమిషాల్ల పంపిస్తం’ అంటారు. ఆ పది నిమిషాలు ఏ డైరీలోకీ ఎక్కవు. అరెస్టు కాగితం మీద పుట్టేది ఆ తర్వాతెప్పుడో, ‘ఫలానా చౌరస్తాలో అనుమానాస్పదంగా తిరుగుతుండగా’ అన్న అరిగిపోయిన వాక్యంతో. హక్కులన్నీ ఆ వాక్యం తర్వాతే మొదలవుతాయన్నట్టు నడుస్తుంది వ్యవహారం. దెబ్బలు పడేది మాత్రం దానికి ముందు.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. 2007 మే 18, శుక్రవారం మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది చనిపోయారు. ఆ వెంటనే జరిగిన పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు. ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లు. ఆ తర్వాతి వారాల్లో పాతబస్తీ నుంచి, మలక్‌పేటను ఆనుకున్న సైదాబాద్ వైపు నుంచి పదుల సంఖ్యలో ముస్లిం యువకులను ఎత్తుకెళ్లారు. కళ్లకు గంతలు కట్టి ఎక్కడెక్కడో తెలియని చోట్ల ఉంచారని, కరెంటు షాకులు ఇచ్చారని, ఎత్తుకెళ్లిన రోజుకూ అరెస్టు చూపిన రోజుకూ పొంతనే లేదని వాళ్లు చెప్పారు. రాష్ట్ర మైనారిటీ కమిషన్ నియమించిన న్యాయవాది రవిచందర్ జైలుకెళ్లి వాళ్లను కలిసి, ఒంటి మీది గుర్తులు చూసి, హింస నిజమేనని నివేదిక రాశారు. ఈ యువకుల మీద పెట్టినవి చాలావరకు కుట్ర కేసులు. అవి కోర్టుల్లో నిలబడలేదు.

ఆ తర్వాతి కథ మరీ చేదు. జాతీయ మైనారిటీ కమిషన్ సిఫారసుతో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 70 మందికి పరిహారం ఇచ్చింది. 20 మందికి తలా 3 లక్షలు, మిగతా 50 మందికి 20 వేల చొప్పున, మొత్తం 70 లక్షలు. వీళ్లు మంచివాళ్లేనని సర్టిఫికెట్లు కూడా చేతిలో పెట్టింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం జీవోను కొట్టేసింది. మసీదు పేలుడు కేసులో ఎన్‌ఐఏ విచారించిన ఐదుగురు నిందితులు కూడా 2018 ఏప్రిల్ 16న నిర్దోషులుగా బయటికొచ్చారు. చనిపోయినవాళ్లకు న్యాయం దక్కలేదు, చిత్రహింస పడ్డవాళ్లకూ దక్కలేదు. అడ్డదారిలో రాబట్టిన ఒప్పుకోలు దర్యాప్తుకు పనికొస్తుందని ఇప్పటికీ వాదించేవాళ్లు ఈ ఒక్క కేసు ఫైలు తిరగేస్తే చాలు. మసీదు పేలుడుకు దాదాపు ముప్పై ఏళ్ల ముందు, 1978లో, నల్లకుంట ఠాణాలో ఒక మహిళపై అత్యాచారం, ఆమె భర్త మరణం నగరాన్ని అట్టుడికించాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులనే తప్పుపట్టింది. కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయింది, నిందితులు విడుదలయ్యారు.

అందుకే 2024లో తెలంగాణ హైకోర్టు చెప్పిన మాటకు విలువెక్కువ. 24 గంటలను పోలీసులు మనిషిని అదుపులోకి తీసుకున్న క్షణం నుంచి లెక్కించాలే తప్ప రికార్డులో అరెస్టు రాసుకున్న వేళ నుంచి కాదని జస్టిస్ పి.శామ్ కోశీ, జస్టిస్ ఎన్.తుకారాంజీ ధర్మాసనం తేల్చింది. నా దృష్టిలో ప్రతి ఠాణా గోడ మీద రాయాల్సిన తీర్పు ఇది. అయితే ఆ క్షణం ఏదో రుజువు చేసేదెవరు? 2020లో సుప్రీంకోర్టు ప్రతి ఠాణాలో, లాకప్‌తో సహా, సీసీ కెమెరాలుండాలంది. రికార్డింగును ఏడాదిన్నర, కుదరకపోతే కనీసం ఏడాది దాచాలంది. తెలియని చోట్లలో కెమెరాలుండవు కదా! అక్కడ సాక్ష్యం ఇంటివాళ్లు గుర్తుపెట్టుకున్న సమయమే.

చట్టం మాత్రం ఎన్నడూ లేనంత స్పష్టంగా ఉంది. 1996లో డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు పెట్టిన షరతుల్లో చాలావాటికి ఇప్పుడు 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో చోటుంది. పట్టుకోవడానికి వచ్చిన పోలీసు పేరు కనిపించాలి. అరెస్టు మెమో మీద ఇంటివాళ్లో బస్తీ పెద్దో సాక్షి సంతకం చేయాలి. కబురు ఇంటికి అందాలి, డాక్టరు పరీక్షించాలి, ఆ రిపోర్టు కాపీ ఇవ్వాలి. విచారణ జరుగుతుండగా వకీలును కలవొచ్చు, మొత్తం సేపూ పక్కన కూర్చోబెట్టుకునే వీలు లేకపోయినా. ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప ఆడవాళ్లను పొద్దు గూకాక అరెస్టు చేయకూడదు. ఏడేళ్ల వరకు శిక్ష పడే కేసయితే ముందు నోటీసు, అవసరమైతేనే అరెస్టు.

వీటన్నిటికంటే మలక్‌పేటకు బాగా పనికొచ్చేది 2025 నవంబరు నాటి సుప్రీంకోర్టు తీర్పు. అరెస్టుకు కారణాలు రాతపూర్వకంగా, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. అప్పటికప్పుడు కుదరకపోతే నోటితో చెప్పి, రిమాండ్‌కు హాజరుపరిచే కనీసం రెండు గంటల ముందైనా కాగితం చేతికివ్వాలి. ఉర్దూ తప్ప రాని తండ్రి, తెలుగు తప్ప రాని హమాలీ ఇంగ్లిష్ కాగితం మీద వేలిముద్ర వేసే పద్ధతికి ఇక చెల్లు కావాలి.

ఇక అరెస్టూ కాని, ఆహ్వానమూ కాని రకం ఒకటుంది. పాతబస్తీలో ‘మిషన్ చబుత్రా’ పేరుతో అర్ధరాత్రి అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్లను తీసుకెళ్లి, అమ్మానాన్నలను పిలిపించి కౌన్సెలింగ్ ఇచ్చి పంపుతుంటారు. చాలామంది తల్లిదండ్రులు దీన్ని మెచ్చుకున్నారు, కాదనను. కానీ అరుగు మీద కూర్చోవడం ఏ సెక్షన్ కింద నేరం? పీడీ యాక్ట్, అంటే ముందస్తు నిర్బంధ చట్టం, సంగతి మరీ ఘోరం. ముందస్తు నిర్బంధంలో 24 గంటల నియమం, వకీలు హక్కు వర్తించవని రాజ్యాంగమే చెబుతోంది. ఆ సందును 1986 నాటి చట్టంతో తెలంగాణ పోలీసులు ఎంత విరివిగా వాడారంటే, 2023 సెప్టెంబరు 4న హైదరాబాద్‌కు చెందిన ఓ నిర్బంధ ఉత్తర్వును కొట్టేస్తూ సుప్రీంకోర్టు దీన్ని ప్రమాదకర ధోరణి అంది.

మీ ఇంటి మనిషిని తీసుకెళ్తే చేయాల్సిన మొదటి పని, వాదనకు దిగకుండా సమయం రాసిపెట్టుకోవడం. ఎవరొచ్చారో, బండి నంబరేంటో, ఏ గంటకో వెంటనే ఫోన్లో మెసేజ్ రూపంలో వకీలుకు, ఇద్దరు ముగ్గురు బంధువులకు పంపండి. వకీలు లేకపోతే 15100కు ఫోన్ చేయండి, ఉచిత న్యాయ సహాయం అందుతుంది. ఠాణాలో లేడంటే మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని అడిగే హెబియస్ కార్పస్ పిటిషన్ హైకోర్టులో వేయించండి. మెజిస్ట్రేటు ముందుకు వచ్చాక భయపడకుండా ఎప్పుడు పట్టుకెళ్లారో, దెబ్బలుంటే ఎక్కడున్నాయో మీవాడిని చెప్పమనండి. అక్కడ చెప్పింది రికార్డుకెక్కేలా వకీలుతో పట్టుబట్టించండి.