వేసవితాపమునకు సులభోపాయములు

ఎండ అందఱకు నొక్కటియే. నీడ మాత్రము అందఱకు నొక్కటి కాదు. మన ఇస్నాపూరులో ఈ భేదము స్పష్టముగా కానవచ్చును. పాశమైలారపు కర్మాగారములలో రాత్రిపని ముగించి వచ్చిన కార్మికుడు పగలు నిద్రింపవలెను. అతడుండు అద్దెగది రేకులదైనచో, మధ్యాహ్నమునకు ఆ రేకు పెనమువలె కాగును. ఏసీ కొను స్తోమత వానికి లేదు. 2015వ సంవత్సరము మే మాసమున ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో వడదెబ్బచే వేయికి మించి జనులు మరణించిరి. కావున స్వల్పవ్యయముతో చల్లదనము పొందు మార్గములను పాఠకులకు విన్నవింపదలచితిమి.

మొదటిది పైకప్పు. తెలుపు సూర్యకిరణములను మరల్చును, నలుపు గ్రహించును. కావున స్లాబుపై చిక్కని సున్నమును బంక కలిపి రెండు పూతలు పూయవలెను. రేకులపై సున్నము చాలకాలము నిలువదు. వానికి ఎండను మరల్చు తెల్లరంగు మేలు. రేకుక్రింద జానెడు సందు విడిచి వెదురుతడకలు కట్టినను, సెగ నేరుగా మనుష్యునిపై పడదు. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినది. కాని 600 చదరపు గజములలోపు నివాసములకు అది ఐచ్ఛికము. అనగా, అవసర మధికముగా నున్నచోటనే నిర్బంధము లేదు. అట్టి గదుల యజమానులు తామే పూనుకొనుట ధర్మము.

రెండవది నీరు. రంజనులోని నీరు ఏల చల్లనగును? మట్టి రంధ్రములనుండి ఊరిన నీరు ఆవిరియగుచు, గ్రాము నీటికి సుమారు 580 కెలోరీల వేడిమిని కుండనుండి గొనిపోవును. కిటికీకి కట్టిన తడిగోనెపట్టాయు, వట్టివేళ్ల తడికయు ఇట్లే పనిచేయును. అయితే ఎదుటి కిటికీ తెఱచియుండవలెను; లేనిచో గదిలో తేమ నిండి, చెమట యాఱక, ఉక్క హెచ్చును. తడిపట్టాలు లేనిచోట పగలు కిటికీలు మూసి, ప్రొద్దు గ్రుంకినపిమ్మట తెఱచుట మంచిది.

మూడవది శరీరరక్షణము. దాహము వేయకమునుపే నీరు, ఉప్పువేసిన మజ్జిగ, జొన్న అంబలి త్రాగుచుండవలెను. గాలి 40 డిగ్రీలకు మించి వేడెక్కినచో పంకా వేడిగాలినే విసరును. అప్పుడు తడిబట్టతో ఒడలు తుడుచుకొనుటయే శరణ్యము. ఒడలు కాలుచు, మాట తడబడువానిని వెంటనే నీడకు చేర్చి, ఒంటిపై నీరు చల్లి విసరుచు, 108కి ఫోను చేయవలెను. స్మృతి తప్పినవాని నోట నీరు పోయరాదు.

విద్యార్థులారా! ఫాల్గుణము రాకమునుపే ఈ మాటలను మీ తల్లిదండ్రులకును, గదుల యజమానులకును చెప్పుడు. సున్నపు ఖర్చు అల్పము, ఫలము గొప్పది. పగలు చల్లని గదిలో నిద్రించినవాడు రాత్రి యంత్రముకడ కునుకు తీయడు. తెల్లవారి క్షేమముగా ఇల్లు చేరును.