డెస్క్‌టాప్ మూగబోయినప్పుడు

వైట్‌ఫీల్డ్‌లో డెస్క్‌టాప్ హఠాత్తుగా మూగబోతే, సౌండ్ కార్డు పోయిందనుకొని నగరం నడిబొడ్డునున్న ఎస్.పి. రోడ్డు దాకా మోసుకుపోయేవారున్నారు. చాలా సందర్భాలలో ఆ శ్రమ, ఆ ఖర్చు అనవసరం.

హెచ్‌డీఎంఐ కేబుల్ చిత్రంతోపాటు ధ్వనిని కూడా తీసుకుపోతుంది. కొత్త మానిటర్ తగిలించగానే విండోస్ ధ్వనిని దానికే మళ్లించవచ్చు. ఆ మానిటర్‌కు స్పీకర్లు లేకపోతే ఏమీ వినిపించదు. టాస్క్‌బార్‌లోని స్పీకర్ గుర్తును నొక్కి అవుట్‌పుట్ పరికరాన్ని మార్చి చూడాలి. అప్పటికీ ఫలితం లేకపోతే, సీపీయూ పెట్టె వెనుకనున్న ఆకుపచ్చ రంధ్రంలో ఇయర్‌ఫోన్ పెట్టాలి (గులాబీ రంగుది మైకుకు). అందులో వినిపిస్తే లోపం స్పీకర్లదే, కంప్యూటరుది కాదు.

స్పీకర్లలో ఎడతెగని మోత ఉండి, పెట్టెను తాకితే జివ్వుమంటే, గోడ సాకెట్‌కు ఎర్తు లేదని అనుమానించాలి. అద్దె ఇంటిలోనైనా దీనిని ఉపేక్షించరాదు. యజమానికి తెలిపి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాలి. మూడో పిన్ను లేని అడాప్టర్‌తో సర్దుకోవడం ప్రాణాపాయం.

తెర వెలగక బీప్ శబ్దాలు మాత్రమే వస్తుంటే, తరచుగా ర్యామ్ సరిగా కూర్చోకపోవడమే కారణం. ప్లగ్గు తీసి, పెట్టె లోహభాగాన్ని తాకి దేహంలోని స్థిరవిద్యుత్తును పోగొట్టుకొన్న తరువాతనే దానిని తీసి మళ్లీ బిగించాలి. ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఇంట్లో ఎవరూ విప్పరాదు. ప్లగ్గు తీసినా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు కొంతసేపు నిలిచే ఉంటుంది.

ఇక మరమ్మతు తప్పనిసరైతే, హార్డ్‌డిస్కును విడదీసి ఇంట్లో ఉంచి వెళ్లడం మేలు. ర్యామ్, ఎస్ఎంపీఎస్‌ల పరీక్షకు అది అక్కరలేదు; ఆధార్, బ్యాంకు పత్రాల నకళ్లు ఉండేది అందులోనే.