రెండు లక్షల్లో సెకండ్ హ్యాండ్ కారు: నీళ్లలో మునిగిన బండిని ఎలా పట్టుకోవాలి?

ఈ ఎపిసోడ్ చేతిలో రెండు లక్షలో, రెండున్నర లక్షలో పెట్టుకుని కారు కోసం చూస్తున్నవాళ్ల కోసం. అమ్మానాన్నల్ని ఆస్పత్రికి తీసుకెళ్లడానికో, పెళ్లిళ్లకో, చెరువు పని మీద తిరగడానికో ఒక బండి కావాలి, కొత్తది కొనే స్తోమత లేదు. అలాంటివాళ్లకి ఆ రెండు లక్షలు చాలా పెద్ద డబ్బు. అవి ఒక చెడ్డ బండిలో పోస్తే మళ్లీ కూడబెట్టడానికి ఏళ్లు పడుతుంది.

సెకండ్ హ్యాండ్ కారు గురించి వీడియోలు బోలెడున్నాయి. కానీ ఏలూరు, కైకలూరు, ఆకివీడు, గూడెం చుట్టుపక్కల కొనేవాళ్లకి ఒక స్పెషల్ సమస్య ఉంది. అది నీళ్లు. అందుకే ముందు దాని గురించే చెప్తాను.

2024 సెప్టెంబరు 1 గుర్తుందా? బుడమేరు గట్లు తెగి విజయవాడ సింగ్ నగర్ చుట్టుపక్కలంతా రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. ఇళ్ల ముందు పెట్టిన కార్లు పెట్టినచోటే మునిగిపోయాయి. ఆ బుడమేరు చివరికి వచ్చి కలిసేది మన కొల్లేరులోనే. ఏలూరు మీదుగా వచ్చే తమ్మిలేరు కూడా అంతే. ఇంత నీళ్లూ సముద్రంలోకి పోవడానికి ఉన్న దారి ఒక్క ఉప్పుటేరు. అందుకే వానలు గట్టిగా పడితే మన దగ్గర లంక గ్రామాల రోడ్ల మీదకి నీళ్లొస్తాయి. ఇంకా వెనక్కి వెళ్తే 2020 అక్టోబరులో హైదరాబాద్, 2015 డిసెంబరులో చెన్నై ఇలాగే మునిగాయి.

మరి మునిగిన కార్లు ఏమవుతాయి? రిపేరు ఖర్చు ఇన్సూరెన్స్‌లో రాసిన విలువలో, అంటే ఐడీవీలో, 75 శాతం దాటితే కంపెనీ దాన్ని టోటల్ లాస్‌గా లెక్కేసి ఓనర్‌కి డబ్బులు ఇచ్చేస్తుంది. ఆ బండిని స్క్రాప్ రేటుకి ఎవరో ఒకరు కొంటారు. అన్నీ తుక్కు కింద పోవు. కొన్నింటిని కడిగి, ఆరబెట్టి, సీట్ కవర్లు మార్చి, పాలిష్ కొట్టి మళ్లీ అమ్మకానికి పెడతారు. ఇన్సూరెన్స్ లేని బండ్లయితే ఓనరే ఎంతోకొంతకి వదిలించుకుంటాడు. ఆర్సీలో "ఈ కారు మునిగింది" అని ఎక్కడా రాసి ఉండదు.

నంబర్ ప్లేట్ చూసి కనిపెట్టొచ్చు కదా అంటారేమో. ఏపీ 16 అంటే కృష్ణా, ఏపీ 37 అంటే పశ్చిమ గోదావరి అనేది పాత లెక్క. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 సిరీస్ వచ్చింది. కైకలూరేమో 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా. కాబట్టి ఏపీ 16 కనిపించగానే వరద బండి అని వదిలేయొద్దు, ఏపీ 37 చూసి మనూరి బండే కదా అని నమ్మేయొద్దు. బండినే చూడాలి.

ఎలా చూడాలి? ఇవి ఫోన్ టార్చ్ వేసుకుని మీరే చేసుకోగల పరీక్షలు.

ఫస్ట్, సీట్ బెల్ట్. చివరిదాకా లాగండి. బయటికి కనిపించే భాగాన్ని కడుగుతారు గానీ లోపల చుట్టుకుని ఉండేదాన్ని చాలామంది పట్టించుకోరు. బురద గీత, బూజు మచ్చలు, ముక్క వాసన వస్తే అనుమానించాల్సిందే.

రెండోది, సీటు కింద. కార్పెట్ ఒక మూల లేపి వేలితో తడిమి చూడండి. సీటు పట్టాల మీద, బోల్టుల మీద తుప్పు ఉందా? పైన వాన పడితే సీటు కింద బోల్టుకి తుప్పు పట్టదు. నీళ్లు లోపల నిలిస్తేనే పడుతుంది.

మూడోది, డిక్కీలో స్టెప్నీ టైరు తీసి ఆ గుంట చూడండి. అక్కడ సన్నటి ఒండ్రు పొరలా మిగిలిపోతుంది.

నాలుగోది, హెడ్‌లైట్ల లోపల ఆవిరి, నీటి మరక గీతలు.

ఐదోది, ముఖ్యమైనది, వార్నింగ్ లైట్లు. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, చెక్ ఇంజిన్ లైట్లు వెలిగి, కాసేపటికి ఆరిపోవాలి. ఆరకపోతే సమస్య. అసలు వెలగకపోతే ఇంకా పెద్ద అనుమానం, ఆ బల్బు కనెక్షన్ పీకేసి ఉండొచ్చు. మునిగిన బండిలో ఇంజిన్ బాగుచేయొచ్చు గానీ వైర్ల జాయింట్లలో, ఈసీయూలో పచ్చటి తుప్పు మెల్లగా పాకుతుంది. ఈ రోజు బాగానే నడిచి ఆరు నెలల తర్వాత హైవే మీద ఆగిపోతుంది. ఎయిర్‌బ్యాగ్ వైరింగ్ పాడైతే తెరుచుకోవాల్సిన టైమ్‌లో తెరుచుకోదు. ఇది డబ్బుల సంగతి కాదు, ప్రాణం సంగతి.

ఏసీ ఆన్ చేసి అద్దాలు మూసి ఐదు నిమిషాలు కూర్చోండి. పెర్‌ఫ్యూమ్ ఘాటు మరీ ఎక్కువగా ఉంటే అది దేన్ని కప్పుతోందో ఆలోచించండి.

మన ప్రాంతంలో ఇంకో రకం బండి ఉంది. అది వరదలో మునగలేదు, కానీ చేపల చెరువుల గట్ల మీద తిరిగింది. మేత బస్తాలు, ఐస్ పెట్టెలు మోసింది. రొయ్యల చెరువుల దగ్గరైతే ఉప్పునీళ్లు కూడా తగిలి ఉంటాయి. రీడింగ్ తక్కువే ఉంటుంది, ఎందుకంటే రోజూ పోయేది పది కిలోమీటర్లే. కానీ కింద షాసీ, సైలెన్సర్, బ్రేక్ పైపులు తుప్పు పట్టి ఉంటాయి, సస్పెన్షన్ బుష్‌లు అరిగి ఉంటాయి. కాబట్టి మన దగ్గర కిలోమీటర్ల కంటే బండి కింది భాగం ముఖ్యం. ర్యాంప్ ఎక్కించి కింద చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. కింద కొత్తగా నల్ల రంగు కొట్టి ఉంటే, స్క్రూడ్రైవర్‌తో మెల్లగా గీకి చూపించమనండి.

ఇక ఇంజిన్. మీరు వెళ్లేసరికి బండి స్టార్ట్ చేసి రెడీగా పెట్టారంటే, "చల్లారాక మళ్లీ వస్తానండీ" అని చెప్పండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడే అసలు రంగు బయటపడుతుంది. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. ఇంజిన్ వేడెక్కాక కూడా చిక్కటి తెల్ల పొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోందని అనుమానం. ఆయిల్ మూత కింద పాలు కలిపిన కాఫీలా ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలిశాయన్నమాట.

టెస్ట్ డ్రైవ్ ఊళ్లో రెండు సందులు తిప్పి ఆపేయకండి. ఏలూరైనా గూడెమైనా పక్కనే ఎన్‌హెచ్ 16 ఉంది. అక్కడ 80 స్పీడ్‌లో బండి ఒక పక్కకి లాగుతోందా, స్టీరింగ్ వణుకుతోందా చూడండి. తర్వాత గతుకుల రోడ్డు ఎక్కించి చప్పుళ్లు వినండి. టైరు మీద నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. 20 వేల కిలోమీటర్లే తిరిగిందంటున్న పాత బండికి నాలుగు టైర్లూ మారి ఉన్నాయంటే, మీటర్ సంగతి అడగండి.

ఏ మోడల్ అంటారా? ఈ బడ్జెట్‌లో ఆల్టో, వ్యాగన్ ఆర్, ఐ10 లాంటి పెట్రోల్ బండ్లు చూసుకోండి. గొప్ప బండ్లని కాదు, మండల కేంద్రంలో కూడా మెకానిక్, స్పేర్ పార్ట్ దొరుకుతాయని. అదే డబ్బుకి పెద్ద డీజిల్ కారు వస్తుంది, నిజమే. కానీ దాని ఇంజెక్టర్లు, టర్బో రిపేరుకొస్తే మీ బడ్జెట్‌లో పెద్ద ముక్క అక్కడే పోతుంది.

ఇప్పుడు కాగితాలు. పరివాహన్ సైట్‌లో నంబర్ కొట్టి ఎన్నో ఓనర్, ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది, చలాన్లు ఎన్ని ఉన్నాయి చూసుకోండి. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. పేరు మార్పుకి ఫారం 29, ఫారం 30 కావాలి. తెలంగాణ బండి అయితే అక్కడి ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. చవగ్గా వస్తోందని మురిసిపోయే ముందు అది కూడా కలిపి లెక్కేయండి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే. ఆ తర్వాత రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 నుంచి 5000 రూపాయలకి పెరిగింది. పద్నాలుగేళ్ల బండి చవకగా రావడానికి ఇదొక కారణం.

"పేరు తర్వాత మార్చుకుందాంలే" అనే మాట అస్సలు వినొద్దు. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో బండి ఇలాగే చాలా చేతులు మారింది, ఆర్సీ మాత్రం మొదటి ఓనర్ పేరు మీదే ఉంది. యాక్సిడెంట్ నష్టపరిహారం ఆయనే కట్టాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే పేరు మార్పు అమ్మేవాళ్లకీ అవసరమే. ఈ సంగతి చెప్తే సంతకానికి వాళ్లే తొందరపడతారు. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లోపు మీ పేరుకి మార్పించుకోండి. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు.

ఇంకో రెండు నిమిషాలు డబ్బు లెక్క. రెండు లక్షలుంటే కారుకి లక్షా అరవైకి మించి పెట్టకండి. మిగతా నలభై వేలు పేరు మార్పు, ఇన్సూరెన్స్, ఆయిల్, బ్యాటరీ, బ్రేకులు, అవసరమైతే టైర్లకి. వెయ్యో రెండు వేలో ఇచ్చి మీకు తెలిసిన మెకానిక్‌ని తీసుకెళ్లండి, అమ్మేవాళ్లు చూపించిన మెకానిక్‌ని కాదు. ర్యాంప్ ఎక్కించడానికి, మెకానిక్‌కి చూపించడానికి ఒప్పుకోకపోతే, అది ఎంత తళతళలాడుతున్నా నమస్కారం పెట్టి వచ్చేయండి. ఇంకో బండి దొరుకుతుంది.

వానాకాలం అయ్యాక రేటు మరీ తక్కువ చెప్తున్న కారు కనిపిస్తే మాత్రం, ముందు సీట్ బెల్ట్ లాగండి, తర్వాతే బేరం. వచ్చే ఎపిసోడ్‌లో సెకండ్ హ్యాండ్ బైక్ పేపర్ల గురించి మాట్లాడుకుందాం. ఉంటాను ఫ్రెండ్స్.